నీళ్ల మీద నిమ్మళంగా

ఆ పొద్దున జిలానీ వేసుకున్న పథకం చాలా చిన్నది: గండికోట జలాశయంలో ఒక పడవ, అందులో తను, భార్య షాహీదాబీ, ఫ్లాస్కులో టీ. సాయంత్రం దాకా ఇంకే పనీ లేదు.

కువైట్‌లో డ్రైవరుగా ఉండగా ఒక వేసవిలో యజమాని కుటుంబం అతన్ని ఇంగ్లండు తీసుకెళ్లింది. వాళ్లు నది మీద పడవలో తేలుతూ కేకులు తింటుంటే, జిలానీ గట్టున వాళ్ల చెప్పులకు కాపలా కాశాడు. ఆ పడవ ఇప్పటికీ అతని మనసులోంచి దిగలేదు.

ఇప్పుడు సెలవు అయిపోవచ్చింది. అతనికి జమ్మలమడుగులోనే ఉండిపోవాలని ఉంది. షాహీదాబీ షరతు పెట్టింది.

"ఇంట్లో కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండారు. ఒక్క దినం నా పక్కన నిమ్మళంగా కూచోండి జీ. కూచుంటే ఉండండి, లేకుంటే కువైట్‌కే పోండి."

జాలరి దగ్గర పడవ బాడుగకు తీసుకుని, తెల్ల దొరటోపీ పెట్టుకుని, పొడవాటి గడతో లోతు చూసుకుంటూ జిలానీ ఒడ్డు వెంబడి బయల్దేరాడు. అరగంటకు ఎండ చురుక్కుమంది. షాహీదాబీ గొడుగు విప్పింది. అదే కొంప ముంచింది. టోపీ, గొడుగు, లోతు చూసే గడ ఒకచోట కనిపిస్తే, ఈ జలాశయంలో ఊళ్లు మునిగి కాలనీలకు మారిన కొండాపురం జనానికి ఒకటే అర్థం.

"సర్వే సార్లొచ్చినారు! మళ్లా నీళ్లు పెంచుతారంట!"

గట్టు నిండిపోయింది.

"నేను సారును కాదప్పా!" అని అరిచాడు జిలానీ.

"పోయినసారి వచ్చినాయనా ఇదే మాట చెప్పినాడు!"

సర్దిచెబుదామని పడవను గట్టుకు చేర్చాడు. కృష్ణమ్మ అనే పెద్దావిడ ఎక్కి కూర్చుంది. "మా ఇల్లు యాడ మునిగిందో చూపిస్తా, పా." ఆమె ఎక్కడ తన ఇంటి హద్దు ఎక్కువ చేసి చూపిస్తుందోనని, పాత పొరుగింటి ఓబులమ్మ కూడా ఎక్కింది. చోటు చాలక షాహీదాబీ దిగిపోయింది.

కొంతదూరం తెడ్లు వేశాక కృష్ణమ్మ చెయ్యెత్తింది. "ఆపు! ఇదే నా వాకిలి."

"నీ వాకిలి ఈడ యాడిదే? ఇది నా బర్రెల కొట్టం!" అంది ఓబులమ్మ.

"ఆ పొద్దు గోడ జరిపితివి. నీళ్లలో గూడా జరుపుతాండావా?"

ఇద్దరూ లేచారు. పడవ ఊగింది. ఫ్లాస్కు బుడుంగున మునిగింది.

"నీ కొట్టంలోనే పడింది, నువ్వే తీసియ్యి," అంది కృష్ణమ్మ. ఓబులమ్మ ఫక్కున నవ్వింది. కృష్ణమ్మకూ నవ్వాగలేదు. తర్వాత ఇద్దరూ నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

గట్టెక్కగానే కృష్ణమ్మ కేకేసింది. "సారు కాదు, మనూరికి తీసకపోయే పడవాయన!"

"మా ఇంటికి గూడా పోదాం పా అప్పా!" అంటూ జనం మీదపడ్డారు. షాహీదాబీ గొడుగు మూసి అడ్డం పెట్టింది. "తోసుకోవద్దండి! ఇద్దరిద్దరే ఎక్కండి!"

పొద్దు వాలేసరికి జిలానీ అరచేతులు బొబ్బలెక్కాయి. తల దించుకుని పడవ దిగాడు.

"ఓడిపోతి షాహీదా. కువైట్‌కు టికెట్ చేయించుకుంటా."

"ఏం అక్కర్లేదు. జాలరితో పడవ నెలబాడుగకు మాట్లాడి పెట్టినా. దినామూ వీళ్లను తిప్పుకుంటా ఈడే ఉండండి."

"నీ పక్కన కూచోలేదు గదా?"

"పొద్దున అరగంట కూచున్నారు," అంది షాహీదాబీ. "అదే నాకు శానా ఎక్కువైంది."