వానపాటలో నాలుగో పాదం

ఆ ఆదివారం పొద్దున కాత్యాయని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడు గంటలకల్లా పాట రికార్డు చేయాలి, బేరిగైలో ఉన్న శేషప్పకు వాట్సాప్‌లో పంపాలి, ఎనిమిదికి సంతకు పోయి కూరగాయలు తేవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందని ఎవరైనా అనుకుంటారు. ఆవిడా అదే అనుకుంది, పాపం.

కాత్యాయని హోసూరులో ఒక తెలుగు బడిలో పాటల టీచరు. వారానికి ఒకే ఒక్క పీరియడు, శుక్రవారం చివరిది. ఆ ఒక్కదాని మీదా హెడ్మాస్టరు జనార్ధనరావు కన్ను పడింది. జూన్‌లో బడి తెరిచిన రోజే ఆమెను పిలిచి సంగతి తేల్చేశాడు.

"పిల్లకాయలు లెక్కల్లో తప్పుతా ఉండారమ్మా. నీ శుక్రవారం పీరియడు లెక్కలకి ఇచ్చేస్తాను."

"ఈ ఒక్క సంవత్సరం ఆగండి సార్. ఫిబ్రవరిలో కృష్ణగిరిలో జిల్లా బృందగాన సభ ఉంది గదా. మన పిల్లకాయలు, చుట్టూ ఊర్ల భజన వాళ్ళు, అందరినీ కలిపి మూడు నూర్ల మందితో పాడిస్తాను."

"మూడు నూర్లా! అందరూ ఒక్క గొంతు మాదిరి పాడల్ల మరి. పాడితే పీరియడు నీది, పాడకపోతే లెక్కలది."

అందుకని ఆమె తానే ఒక వానపాట కట్టింది. ఊరూరూ తిరిగి నేర్పే తీరిక లేదు కనుక రికార్డు చేసి పంపాలనుకుంది. వంటింటి తలుపేసి, ఫోను బియ్యం డబ్బాకు ఆనించి మొదలుపెట్టింది.

"వానయ్యా దిగిరావయ్యా మా చేలపైకి, రాగివెన్ను తలెత్తి చూసేటి వేళ, చెరువులు నిండాలి, చేలు పండాలి..."

సరిగ్గా అప్పుడే మిద్దెమీద ట్యాంకు నిండి, నీళ్ళు దబదబమని కిటికీ ముందు పడడం మొదలైంది. భర్త బాలసుబ్రమణ్యం ముందు గదిలో పేపరు చదువుకుంటున్నాడు. రికార్డింగు ఆపితే మళ్ళీ మొదటినుంచి పాడాలి. ఆపకపోతే మేడమెట్లు మునుగుతాయి. కాత్యాయని సామాన్యురాలా? రాగం వదలకుండా, తాళం తప్పకుండా పాడేసింది.

"ఏమండీ, మోటారు ఆపండి, ట్యాంకు పొంగి పారుతా ఉంది!"

ఆ వెంటనే "ఊరంతా నవ్వాలి ఓ వానయ్యా" అని అసలు నాలుగో పాదం అందుకుని పాట ముగించింది. పంపేముందు ఒకసారి వినాలనే అనుకుంది. చీపురు పట్టుకుని మెట్లమీది నీళ్ళు తోసేసరికి ఎనిమిదయింది. వినకుండానే పంపేసి సంతకు పోయింది.

బేరిగై భజన బృందానికి పెద్ద శేషప్ప. పగలు టమాటా తోట, సాయంత్రం తాళాలు. వాళ్ళ బృందంలో ఒక కట్టుబాటు ఉంది. గురువు నోట ఎట్లా వచ్చిందో అట్లాగే నేర్చుకోవాలి, ఒక్క అక్షరం వదిలినా పాపం. నెలరోజుల తర్వాత పాట వినడానికి బేరిగై పోయిన కాత్యాయనికి ఆ కట్టుబాటు ఎంత గట్టిదో తెలిసింది.

నలభైమంది చాపలమీద కూర్చుని గొంతెత్తారు. అబ్బా, ఏం గొంతులు! పొలంలో కేకలేసి కేకలేసి పదునెక్కిన గొంతులు. తాను వంటింట్లో సన్నగా కూనిరాగం తీసిన పాటేనా ఇది? కాత్యాయనికి ఒళ్ళు జలదరించింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడో పాదం అయింది. నలభైమందీ కళ్ళు మూసుకుని, పరమ భక్తితో, "ఏమండీ, మోటారు ఆపండి" అన్నారు.

ఆమె కళ్ళలో నీళ్ళు అక్కడే ఇంకిపోయాయి.

"శేషప్పా! ఆ మోటారు మాట పాటలోది కాదప్పా. మా ఇంటాయన్ని పిలిచినాను!"

శేషప్ప ముఖం వాడిపోయింది. "అట్లనా తల్లీ? మాకు ఆ పాదమే ఎక్కువ పట్టింది. అందరికన్నా వెంకటమ్మే దాన్ని బాగా అర్థం చేసుకునింది."

తాళాలు పక్కన పెట్టి వెంకటమ్మ అందుకుంది. "వాన కావల్లని మూడు పాదాలు అడిగినాము గదమ్మా. ఎక్కువైతే టమాటా కుళ్ళిపోతాది. అందుకే భూదేవమ్మ మొగుణ్ణి పిలిచి, ఏమండీ, చాలు, ఆపండి అంటా ఉంది. వానదేవుడి మోటారు పైన గదా ఉండేది!"

కాత్యాయని ఆరు రాత్రులు కూర్చుని రాసిన మూడు పాదాల్లోనూ అంత అర్థం లేదు. అయినా మనసు గట్టి చేసుకుని, ఇంటికి పోగానే సరైన పాటను మళ్ళీ పాడి, చివర "ఆ మోటారు మాట పాటలోది కాదప్పా, తీసేయండి" అని చెప్పి పంపింది.

శేషప్పకు సంగతి తెలుసు. కానీ ఆయన రెండు రికార్డింగులనూ ఒక్క మాట చెప్పకుండా కుందారపల్లి భజన పెద్ద లక్ష్మణప్పకు పంపించాడు. అక్కడి బృందానికీ అదే కట్టుబాటు. వినాయక చవితి పందిట్లో ఆడవాళ్ళు "ఏమండీ, మోటారు ఆపండి" అని పాడగానే, మగవాళ్ళు "ఆ మోటారు మాట పాటలోది కాదప్పా, తీసేయండి" అని బదులు పాడారు. జనం చప్పట్లు కొట్టి ఇంకోసారి పాడించుకున్నారు. వినడానికి వచ్చిన కాత్యాయని పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయింది.

ఇక రికార్డింగు జోలికి పోనని ఒట్టు పెట్టుకుని, ఆమె బస్సులెక్కి ఊరూరూ తిరిగింది. లక్ష్మణప్ప బతిమాలించుకుని ఆ బదులు పాదం మాత్రం తీసేశాడు. మోటారు పాదం జోలికి పోతే ఎవరూ ఒప్పుకోలేదు. దీపావళికి అది టమాటా లారీలెక్కి కర్ణాటక సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు చేరింది. అక్కడ డ్రైవర్లు టీ తాగుతూ పాడుకుంటుంటే, బెంగళూరు పోతున్న బస్సులోంచి బాలసుబ్రమణ్యమే విన్నాడు.

"నన్ను పిలిచిన పిలుపు కర్ణాటకకి దాటిపోతా ఉందే!" అన్నాడు ఇంటికొచ్చి, కాస్త గర్వంగానే.

"మీరు అప్పుడే లేచి ఆపి ఉంటే ఇంత వచ్చేదా?" అని కాత్యాయని తల పట్టుకుంది. బడిపిల్లలు ఒక తీరు, ఊళ్ళవాళ్ళు ఇంకో తీరు పాడితే ఒక్క గొంతు ఎక్కడ? పీరియడు పోయినట్టే.

సభకు రెండు రోజుల ముందు ఆమెకు ఒక ఉపాయం తట్టింది. శేషప్పకు ఫోను చేసింది.

"శేషప్పా, ఆ పాదం కాడికి వచ్చేసరికి నేను రెండు చేతులూ ఎత్తుతాను. అందరికీ చెప్పిపెట్టు."

"ఎత్తండి తల్లీ. మిగతాది మేము చూసుకుంటాము."

చేతులెత్తితే ఆపమని గాక ఇంకేం అర్థం ఉంటుందని ఆమె విడమరిచి చెప్పలేదు. భజనలో పెద్ద రెండు చేతులూ ఎత్తితే, అదే పాదాన్ని మళ్ళీ, ఇంకా పై స్థాయిలో అందుకోమని అర్థం. అది హోసూరు వంటింట్లో ఎవరు చెప్తారు?

కృష్ణగిరి మైదానంలో మూడు వందల ఇరవై మంది నిలబడ్డారు. ముందు వరసల్లో యూనిఫారం పిల్లలు, వెనక తలపాగాలు, పట్టుచీరలు. మూడు పాదాలు అద్భుతంగా నడిచాయి. కాత్యాయని ఊపిరి బిగబట్టి రెండు చేతులూ ఎత్తింది.

"ఏమండీ, మోటారు ఆపండి!" అని ఊళ్ళన్నీ ఒక్కసారిగా లేచాయి.

ఆమె కంగారుపడి చేతులు ఇంకా పైకి ఎత్తింది. పాట ఇంకా పైకి పోయింది. ఆపండి మహాప్రభో అన్నట్టు మునివేళ్ళమీద లేచి చేతులు ఊపింది. వెంకటమ్మ గొంతు ఆకాశానికి ఎక్కింది, దాని వెంట నూర్ల గొంతులు ఎక్కాయి. అంతవరకు బిక్కమొహాలేసుకుని చూస్తున్న పిల్లలు ఇక ఆగలేక వాళ్ళూ అందుకున్నారు. అప్పుడు మూడు వందల ఇరవై గొంతులు నిజంగానే ఒక్కటయ్యాయి.

కాత్యాయని చేతులు అట్లాగే గాలిలో నిలిచిపోయాయి. జీవితంలో అంత శబ్దం, అంత అందం ఎన్నడూ వినలేదు. పాదాల కింద నేల సన్నగా అదురుతోంది. ఇది తన పాటని చెప్పుకోవడానికి కూడా ఆమెకు భయమేసింది. ముందు వరస కుర్చీల్లో పెద్దవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. జనార్ధనరావు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

పాట ముగిశాక న్యాయనిర్ణేతగా వచ్చిన ముసలి సంగీత పండితురాలు మైకు పట్టుకుంది. "వానను రమ్మనే పాటలు చాలా విన్నాను. చాలు ఆపమని ఇంత మర్యాదగా అడిగిన పాట ఇదే వినడం. ఆ నాలుగో పాదం కట్టిన వాళ్ళకు నా నమస్కారం," అంది. కాత్యాయని ముందుకొచ్చి, చేతులు జోడించి, శేషప్పనూ వెంకటమ్మనూ చూపించింది.

మొదటి బహుమతి వాళ్ళకే వచ్చింది. జనార్ధనరావు ఒకటి కాదు, వారానికి రెండు పీరియడ్లు ఇచ్చేశాడు. లెక్కల మాట మళ్ళీ ఎత్తలేదు. కాకపోతే ఆ పాట అచ్చం కృష్ణగిరిలో పాడినట్టే రావాలని, శుక్రవారాలు నేర్పడానికి శేషప్పను పిలిపించాడు. కాత్యాయని పిల్లలతోపాటు చివరి బెంచీలో కూర్చుని పాడింది.

పాఠం అయ్యాక శేషప్ప ఆమెను పక్కకు పిలిచి, పిల్లలు వినకుండా మెల్లగా, "నాలుగో పాదం మీకింకా గొంతుకి ఎక్కలేదు తల్లీ, ఇంటికాడ కొంచెం సాధకం చేయండి," అన్నాడు.