మెల్విన్ జిగురు

తెల్లారితే వేట మొదలు. ముందురోజు పొద్దున రెయినో ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు: బాణాలకు ములుకులు అతికించుకోవడం. భార్య డార్లీన్ పాస్టీలు, అంటే మాంసం, దుంపలు కూరిన కజ్జికాయల్లాంటివి, చేయడానికి అప్పటికే చర్చి హాలుకు వెళ్ళిపోయింది. అతను వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచాడు. బాణం కొసన తిప్పి బిగించే లోహపు మొనల్ని అడాప్టర్లంటారు. వాటిని స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాడు. వాటి మీద ములికిని టోపీలా తొడిగి అతికించాలి. తేల్చుకోవలసింది ఒక్కటే. ఏ జిగురుతో?

ఆ ఇంటి నెమ్మదిని పాడుచేసిన ప్రశ్న అదే. డార్లీన్ తమ్ముడు మెల్విన్ వేడికి కరిగే జిగురు కడ్డీ తప్ప ఇంకోటి ముట్టడు. "వంకరగా కూర్చుంటే మళ్ళీ వేడి చేసి సర్దుకోవచ్చు బావా" అనేవాడు. పోయిన ఏడాది రెయినో ఆ మాట నమ్మాడు. దేవదారు చిత్తడిలో పెద్ద కొమ్ముల దుప్పిని కొట్టాడు. బాణం దొరికింది గాని దానికి ములికి లేదు. చీకటి పడేదాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగాడు. దుప్పి దొరకలేదు. గాయపడిన జీవిని అడవిలో వదిలేసి వచ్చానన్న బాధ అతన్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

"నీ జిగురు వల్లే" అన్నాడు రెయినో.

"జిగురుకేం, బంగారం. కాచడం నీకు చేతకాలేదు" అన్నాడు మెల్విన్.

అంతే, మాటలు ఆగిపోయాయి. క్రిస్మస్ భోజనాల దగ్గర కూడా ఉప్పు కావాలంటే ఒకరినొకరు డార్లీన్ ద్వారానే అడిగించుకున్నారు.

అందుకే ఈసారి రెండు గొట్టాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురే అని రెయినో ముందే తీర్మానించుకున్నాడు. ఒకసారి పట్టిందంటే ఇక వదలదు. గ్యారేజీకి వెళ్ళి తీసి చూస్తే ఒక గొట్టం రాయిలా గట్టిపడి ఉంది. కొట్టుకు వెళ్ళాలంటే గంట ప్రయాణం. పైగా కలిపాక ఒక రోజు ఆరాలి. వంటింటి సొరుగులో, రబ్బరు బ్యాండ్ల కింద, సూపర్ గ్లూ కనబడింది.

మొదటి ములికి తొడిగి, వంకర లేకుండా బొటనవేలితో, చూపుడువేలితో మెడ దగ్గర అదిమి పట్టుకున్నాడు. లోపల ఎక్కువైన జిగురు మెల్లగా బయటికి ఊరింది. ములికి నిటారుగా, ముచ్చటగా కుదిరింది. వేళ్ళు తీయబోతే రాలేదు. అటొక అంచు, ఇటొక అంచు, రెండూ అతను నిన్న సానపట్టినవే. కొంచెం లాగి చూసేసరికి నెత్తురు చిమ్మింది.

రెండో చేత్తో డార్లీన్‌కు ఫోను చేశాడు. ఆమె చేతులు పిండిలో ఉండడంతో పక్కనున్న వెర్నా ఎత్తింది. వెర్నాకు ఎనభై దాటాయి, చెవులు అంతంతమాత్రం.

"ఎవరూ, రెయినోనా? గట్టిగా చెప్పు నాయనా, పిండి మిషను తిరుగుతోంది!"

"డార్లీన్‌ను రమ్మను! ములికి చేతికి పట్టేసింది. నెత్తురు కారుతోంది!"

"అయ్యో! ఎవరి పనయ్యా?"

"ఎవరి పనేమిటి? ఇదంతా మెల్విన్ జిగురు తెచ్చిన చేటు!"

వెర్నా ఫోను దించి హాలంతటికీ వినబడేలా చెప్పింది: "మెల్విన్ గురి చూసి కొట్టాడట!"

ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్ళ మధ్య మాటల్లేవని ఊరందరికీ తెలుసు. ఒకరు అంబులెన్సుకు ఫోను చేశారు, ఇంకొకరు షెరీఫ్ కచేరీకి. పాస్టీలు పొయ్యిలో వదిలేసి అందరూ కార్లెక్కారు.

షెరీఫ్ పంపిన డిప్యూటీ ఇంటికి వెళ్ళేసరికి మెల్విన్ అరుగు మీద చిన్న మంట పెట్టుకుని జిగురు కాస్తున్నాడు. చుట్టూ ములుకులు.

"మీ బావ మీద బాణం వేశావా?"

మెల్విన్ నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి చెప్పాడు. "వేయాలనిపించింది. వేయలేదు."

"పద, కారెక్కు."

కారెక్కాక గాని బావకు ఏదో జరిగిందని అతనికి తట్టలేదు. దారి పొడుగునా ఒక్కటే అడిగాడు: "బతికే ఉన్నాడా? అది చెప్పండి చాలు."

రెయినో ఇంటి ముందు అంబులెన్సు దీపాలు తిరుగుతున్నాయి. వంటింట్లో రెయినో చెయ్యి పైకెత్తుకుని కూర్చున్నాడు. డార్లీన్ పిండి చేతులతోనే అతని తల పట్టుకుని ఏడుస్తోంది.

"ఎక్కడ తగిలిందయ్యా?" అంది.

"తగల్లేదే, అంటుకుంది."

జనాన్ని తోసుకుంటూ మెల్విన్ లోపలికొచ్చాడు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. బావను చూశాడు, వేళ్ళను చూశాడు, ములికిని చూశాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏ జిగురు?"

ఏడాదిలో అతను బావను నేరుగా అడిగిన మొదటి మాట అది.

"సూపర్ గ్లూ" అన్నాడు రెయినో, నేల చూస్తూ.

మెల్విన్ కళ్ళు మూసుకున్నాడు. చావు కబురు విన్నవాడిలా తలాడించి, "గోళ్ళరంగు తుడిచే మందు ఎవరి దగ్గరుంది?" అన్నాడు. ఆ ఊళ్ళో గోళ్ళరంగు వేసుకునేది వెర్నా ఒక్కతే. ఆమె సంచిలోంచి సీసా తీసింది. మెల్విన్ బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దూదితో తడుపుతూ, చంటిబిడ్డకు గోళ్ళు తీస్తున్నంత జాగ్రత్తగా బావ వేళ్ళు విడదీశాడు. మధ్యలో, తల ఎత్తకుండానే, "ఆ దుప్పి కోసం మర్నాడు నేనూ వెళ్ళాను బావా. దొరకలేదు" అన్నాడు. రెయినో రెండో చేత్తో సీసాను అతని వైపు జరిపాడు.

మర్నాడు ఇద్దరూ ఒకే పొదలో కూర్చున్నారు. విల్లు పట్టే చేతికే కట్టు పడింది కాబట్టి రెయినో ఉత్త చేతులతో వచ్చాడు. ఎండ ఎక్కాక ఒక దుప్పి వచ్చింది. మెల్విన్ కొట్టాడు. బాణం దుప్పి వీపు మీదుగా పోయి బిర్చి మానులో దిగబడింది. వెళ్ళి లాగితే బాణం చేతికొచ్చింది, ములికి మానులోనే ఉండిపోయింది.

మెల్విన్ బోసి అడాప్టరు వంక చాలాసేపు చూశాడు. బావ ఏమంటాడోనని చూశాడు.

"చలికి జిగురు పెళుసెక్కి ఉంటుంది" అన్నాడు రెయినో.

అప్పటికి ఇద్దరూ ఉక్కకు కోట్లు విప్పి భుజాల మీద వేసుకుని ఉన్నారు.