సీరం మీద నిజనిర్ధారణ

"మనిషి విలువ ఒంటి రంగులో లేదు, ఆత్మగౌరవంలో ఉంది!"

ఇది ఏ మహాత్ముడో చెప్పిన మాట కాదు. కొత్తపేట వెనకాల మార్కండేయనగర్ కాలనీ సంక్షేమ సంఘం 2011 అక్టోబరు మొదటివారంలో, సకల జనుల సమ్మె టెంటు కింద, చప్పట్ల మధ్య చేసిన తీర్మానం. దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో మినిట్సు పుస్తకంలోకి ఎక్కించినవారు సంఘం కార్యదర్శి త్రినాథరావు గారు. అంతకు ముందురోజే ఆయన ముఖానికి బొప్పాయి ఫేషియల్ చేసింది కుసుమకుమారి. తీర్మానం వచ్చిపడిందీ ఆవిడ మీదే!

కుసుమకుమారిది తెనాలి. పదకొండేళ్లుగా సంఘం భవనం కింది దుకాణం మడిగను అద్దెకు తీసుకుని బ్యూటీపార్లర్ నడుపుతోంది. భర్త పోయాక, కాలనీ కనుబొమలు దిద్దీ దిద్దీ ఇద్దరు ఆడపిల్లల్ని ఇంటర్ దాకా తెచ్చింది. ఆ మడిగ లేకపోతే ఆవిడకి బతుకు లేదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, కాలనీకీ తెలుసు.

గొడవంతా ఒక బోర్డుతో వచ్చింది. 'పద్నాలుగు రోజుల్లో మెరిసే మేనిఛాయ' అని చర్మానికి రాసుకునే సీరం కంపెనీవాళ్లు ఇచ్చిన బోర్డును ఆవిడ పార్లర్ ముందు తగిలించింది. మామూలు రోజుల్లో అయితే దాన్ని చదివే తీరిక ఎవరికుంది? కానీ అవి సమ్మె రోజులు. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో బస్సులు కదలడం లేదు. బళ్లు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి. మగవాళ్లందరూ పొద్దున్నే వచ్చి టెంటులో కూర్చుంటున్నారు. టెంటుకు ఎదురుగా ఈ బోర్డు. మూడోవారానికల్లా పేపర్లు అయిపోయి, బోర్డు చదవడం మొదలుపెట్టారు.

"గిదేంది? మెరిపిస్తదంట! అంటె గిప్పుడు మనం మెరుస్తలేమా?" అని లేచాడు సంఘం అధ్యక్షుడు మహిపాల్. నల్లగొండ నుంచి వచ్చి నాలుగు లారీలకు ఓనరైన మనిషి. "మన ఆడబిడ్డలు నల్లగున్నరని గీమె బోర్డు పెట్టి చెప్తాంది! గిది మన ఆత్మగౌరవం మీద దెబ్బ!"

"దెబ్బే!" అన్నారు అందరూ. వాళ్లందరికన్నా గట్టిగా అన్నది త్రినాథరావు. ఆయనది భీమవరం. సమ్మె మొదలైన దగ్గర్నుంచి ఆయన నినాదాలు మిగతావాళ్లకన్నా ఒక చప్పట ముందే వినిపిస్తున్నాయి.

మడిగ ఖాళీ చేయించాలన్నారు. అయితే ఊరికే ఖాళీ చేయిస్తే అన్యాయం అంటారు కదా! ఈ దేశంలో అన్యాయం న్యాయంగా మారడానికి ఒకటే దారి, కమిటీ. ముగ్గురు సభ్యులతో 'సీరం పదార్థాల నిజనిర్ధారణ సంఘం' ఏర్పడింది. మహిపాల్ అధ్యక్షుడు, త్రినాథరావు కన్వీనరు, నిపుణుడు రామస్వామి.

రామస్వామిది పోచంపల్లి. తాతతండ్రులు నూలుకు రంగులద్దినవాళ్లు. ఆయన ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పని చేస్తున్నా, రంగు విషయంలో కాలనీలో ఆయన మాటకు తిరుగులేదు. కమిటీ పార్లర్లోకి వచ్చిన రోజు ఆయన జేబులోంచి చీరలో పోగులు లెక్కపెట్టే భూతద్దం తీశాడు. సీసా మీది చీమతలకాయంత అక్షరాలను కూడబలుక్కుని చదివాడు.

"మొదటిది, ఆక్వా."

"అంటే?" అన్నాడు మహిపాల్.

"నీళ్లండి," అంది కుసుమకుమారి.

మహిపాల్ కళ్లెర్రబడ్డాయి. "ఎవల నీళ్లు? కృష్ణవా, గోదారివా?"

"హిమాచల్ ప్రదేశ్‌లో చేశారండి. వాళ్ల నీళ్లే అయ్యుంటాయి."

అధ్యక్షుడు నిరాశపడ్డాడు. రామస్వామి చదువుకుంటూ పోయాడు. గ్లిజరిన్. బి విటమిన్‌లో ఒక రకం. సి విటమిన్. గ్లైకాలిక్ యాసిడ్.

"యాసిడ్!" అని మహిపాల్ కుర్చీలోంచి ఎగిరాడు. "యాసిడ్‌తోని మేం బాత్రూమ్‌లు కడుగుతం! రాసుకోవయ్యా త్రినాథరావు!"

"చింతపండులో ఉన్నదీ యాసిడేనండి. దాంతో చారు పెట్టుకుంటున్నాం కదా!" అంది కుసుమకుమారి. "ఎంత ఉందన్నది లెక్క. ఎక్కువుంటే చర్మం కాలుతుంది. ఇందులో కొంచెమే ఉంది. రోజుకొక్కసారి, రెండే చుక్కలు రాసుకోవాలి. ఎండలోకి వెళ్తే కప్పుకోవాలి. నిజం చెప్పాలంటే ఇది ఎవర్నీ తెల్లగా చెయ్యదు. కాస్త నిగారింపు, అంతే."

"మరి డబ్బా మీద గింత పెద్దగ అతిమధురం బొమ్మేసిండ్రు. అదెక్కడ?" అన్నాడు రామస్వామి.

"చివర చూడండి. సాధారణంగా ఎక్కువున్నది ముందు రాస్తారు, తక్కువున్నది చివర."

చూశాడు. దాదాపు అడుగున, సెంటుకు ఒక్క మెట్టు పైన నక్కి ఉంది అతిమధురం. "ఫ్లెక్సీ లెక్కనే ఉన్నది," అన్నాడు రామస్వామి నెమ్మదిగా. "పని చేసినోని పేరు కింద సన్నగ, చెయ్యనోని ఫోటో మీద పెద్దగ."

ఆ మాట ఎవరిని ఉద్దేశించో అడగకుండా మహిపాల్ గొంతు సవరించుకున్నాడు. "అయితె ఏం తేల్చినవ్ స్వామన్నా?"

"పేర్లు చదివితె ఏం తెలుస్తది? చిటికి కట్టి చూడాలె."

పోచంపల్లిలో నూలుకు రంగు పట్టకూడని చోట రబ్బరు ముక్కలు చుట్టి కట్టి, రంగులో ముంచుతారు. విప్పితే కట్టిన చోట పాతరంగు, మిగతా చోట కొత్తరంగు. దాన్నే చిటికి కట్టడమంటారు. రామస్వామి సైకిల్ ట్యూబును సన్నగా కోసి, ముంజేతికి రక్తం ఆగనంత వదులుగా మూడు పట్టీలు కట్టుకున్నాడు. వాటి మధ్య సీరం రాసుకుంటూ పోతే, పదిహేను రోజుల తర్వాత విప్పినప్పుడు నిజం దానంతటదే కనిపిస్తుంది! టెంటులో ఎవరో ఆ నల్లపట్టీలేమిటని అడిగితే, "నీళ్లకొకటి, నిధులకొకటి, కొలువులకొకటి," అన్నాడు. ఆరోజు ఆయనకు దండ పడింది.

మర్నాటి నుంచి కుసుమకుమారి పార్లర్ వెనక తలుపుకు విశ్రాంతి లేదు.

మొదట వచ్చింది మహిపాల్ భార్య సుమిత్రమ్మ. "నాకు గాదు కుసుమా. మా ఆయన తప్పు రిపోర్టు రాస్తడేమోనని పరేషాన్ అయితాంది. జర నేను గూడ కట్టి చూస్త. ఒక సీసా ఇయ్యి. ఎవలకు చెప్పకు, నా మీద ఒట్టు."

తర్వాత త్రినాథరావు. "విచారణ నిష్పక్షపాతంగా ఉండాలి కదమ్మా! రెండో నమూనా లేకపోతే రిపోర్టు కోర్టులో నిలబడదు. మనూరివాళ్లం, మనలో మాట, బయటికి పొక్కనీకండి."

ఆ తర్వాత తలకు తువ్వాలు చుట్టుకుని సాక్షాత్తు అధ్యక్షుడు! "స్వామన్న ఒక్కని చెయ్యి నమ్మి నేనెట్ల సంతకం పెడ్త మేడం? నా చేతికి గూడ తెల్వాలె గద. మా ఇంటామెకు మాత్రం ఎరుక కావద్దు."

వారంలో కాలనీ దాదాపు అంతా వచ్చింది. అందరూ పరీక్ష కోసమే; ఇంట్లో చాటుగా రామస్వామిలాగే మూడేసి పట్టీలు కట్టుకున్నారు. అందరూ ఒట్టు వేయించుకున్నారు. కుసుమకుమారి అందరికీ ఒకటే చెప్పింది: "రోజుకొక్కసారి, రెండే చుక్కలు. ఈ కుర్చీలో విన్నది ఈ గది దాటి పోదు."

రెండోమాట అందరూ నమ్మారు. మొదటిది ఎవరూ వినలేదు. దానికీ ఒక కారణముంది. కాలనీలో సగం మంది మగ్గం ముందు పుట్టినవాళ్లు. రంగు ముదరాలంటే నూలును మళ్లీ మళ్లీ ముంచాలన్నది వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన జ్ఞానం. మిగతా సగం మంది వాళ్లను చూసి నేర్చుకున్నారు. పొద్దున ఒక ముంపు, మధ్యాహ్నం ఒక ముంపు, సాయంత్రం ఒక ముంపు. పద్నాలుగు రోజులు నడవాల్సిన సీసా మూడు రోజుల్లో ఖాళీ! "పరీక్ష సగంల ఉన్నది," అంటూ రెండో సీసాకు వచ్చారు. ఆవిడ లేదని తలుపేసుకుంటే, ఎల్బీనగర్ దాకా నడిచివెళ్లి కొనుక్కొచ్చుకున్నారు.

ఇంకేముంది! చేతులు తెల్లబడలేదు. ఎర్రగా కమిలి, పొట్టు లేచాయి. రబ్బరు కట్టిన చోట మాత్రం అమ్మానాన్న ఇచ్చిన రంగు మూడు గీతలుగా భద్రంగా ఉంది. మార్కండేయనగర్‌లో హఠాత్తుగా ఫుల్ చేతుల చొక్కాలు వచ్చాయి. చెమటలు కారుతున్నా ఎవరూ గుండీ విప్పరు. ఆడవాళ్లు పైటచెంగు మణికట్టు దాకా చుట్టుకున్నారు. ప్రతి ఒక్కరూ తన ఒక్కరి చెయ్యే ఇలా అయిందనుకున్నారు.

కోపం మాత్రం అందరికీ వచ్చింది. చెయ్యి మండిందని చెప్పలేరు కనుక, ఆత్మగౌరవం మండిందన్నారు. ఖాళీ చేయించాల్సిందేనన్న పట్టు పదింతలైంది. ఎందుకీ కోపమో కుసుమకుమారికి పూర్తిగా తెలుసు. తెలిసీ చెప్పలేకపోవడమే ఆవిడ కష్టం.

సమ్మె ముగిసిన వారానికి, ఆదివారం పొద్దున, సంఘం భవనంలో సర్వసభ్య సమావేశం పెట్టారు. త్రినాథరావు నలభై పేజీల రిపోర్టు చదివారు. రాష్ట్రం సంగతి తేల్చమంటే దిల్లీ కమిటీ ఆరు దారులు చూపించింది గనుక ఈ కమిటీ కూడా ఆరు చూపించింది. పార్లర్ ఉండి సీరం పోవచ్చు. సీరం ఉండి పార్లర్ పోవచ్చు. రెండూ ఉండవచ్చు, రెండూ పోవచ్చు. బోర్డు మాత్రం పోయి మిగతావి ఉండవచ్చు. ఆరోది, మరో కమిటీ వెయ్యవచ్చు.

రామస్వామి లేచి పట్టీలు విప్పి చెయ్యి చూపించాడు. ఆయన ఒక్కడే రెండు చుక్కల మాట విన్నాడు. "చూడున్రి. కట్టిన కాడ ఎట్లున్నదో కట్టని కాడ గూడ అట్లనే ఉన్నది. రంగు దిగలే, ఎక్కలే. తోలు జర మెత్తగైంది. విషం గాదు, అమృతం గాదు. గీ ఆడమనిషిని ఎల్లగొట్టుడు న్యాయం గాదు."

కుసుమకుమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ మహిపాల్ చెయ్యి ఊపేశాడు. "సైన్సు సంగతి పక్కకు పెట్టు స్వామన్నా. గిది ఆత్మగౌరవం ముచ్చట. మేడం, నువ్వేమన్న చెప్పేదుందా?"

ఆవిడ లేచి నిలబడింది. ఎదురుగా వందమంది. ఎవరెవరు ఏరోజు ఏ నెపంతో వచ్చారో పేరుపేరునా చెప్పగలదు. ఒక్కమాట చెప్తే మడిగ నిలుస్తుంది. వెనక వరసలో ఇద్దరు కూతుళ్లూ తనవైపే చూస్తున్నారు. నోటిదాకా వచ్చింది. అయినా మాటిచ్చింది కదా!

"చెప్పేదేం లేదండి," అని కూర్చుంది.

"అయితె మడిగ ఖాళీ చెయ్యాలన్నోళ్లు చేతులెత్తున్రి!" అని మహిపాల్ ఊపుగా తన చెయ్యి ఎత్తాడు.

రామస్వామిది తప్ప హాల్లో చేతులన్నీ లేచాయి. లేవడంతోపాటు వదులైన చొక్కా చేతులు కిందికి జారాయి. పైటచెంగులు జారాయి. వందమంది ముంజేతులు, ఎర్రగా కమిలి, ఒక్కొక్కదాని మీద మూడేసి గీతలతో, ఒకే మగ్గం మీద నేసిన తానులా గాల్లో నిలిచాయి.

ఎవరి చెయ్యి వాళ్లు చూసుకున్నారు. తర్వాత పక్కవాళ్ల చెయ్యి చూశారు. తర్వాత అధ్యక్షుడి చెయ్యి చూశారు. ఒక్కొక్క చెయ్యే దిగడం మొదలైంది.

"ఏందయ్యా, నీ చేతికేమైంది?" అంది సుమిత్రమ్మ భర్తతో.

"గిదా? గిది... రాస్తారోకోల ఎండకు కాలింది! ఉద్యమంల కాలిన చెయ్యి!"

హాలంతా ఊపిరి పీల్చుకుంది. "ఔ, ఎండనే! మాది గూడ ఎండనే!" త్రినాథరావు గొంతు ఈసారీ ఒక చప్పట ముందే ఉంది.

"నేనైతే రాస్తారోకోకు పోనే పోలే," అంది సుమిత్రమ్మ అమాయకంగా. "మరి నా చెయ్యెట్ల కాలింది?"

వందజతల కళ్లు, మునిగేవాళ్లు ఒడ్డువైపు చూసినట్టు, కుసుమకుమారి వైపు తిరిగాయి. ఆవిడ ఆ చూపులన్నిటినీ తాపీగా, ఒక్కటీ వదలకుండా అందుకుంది. తర్వాత కుర్చీలోంచి లేవకుండానే, ఎంతో గంభీరంగా అంది:

"ఎండేనండి. ఈ ఏడాది ఎండలు మరీ ఇళ్లలోకి కూడా వచ్చేస్తున్నాయి."

"ఔ, ఔ!" అన్నారు అందరూ. ఈసారి ఎవరూ చేతులెత్తలేదు, నోటితోనే ఒప్పుకున్నారు. త్రినాథరావు గారు ఎడమచేత్తో కుడి చొక్కాచేతిని మణికట్టు దాకా లాగిపట్టుకుని, ఎండల తీవ్రతను ఖండిస్తూ సభ ఏకగ్రీవంగా తీర్మానించినట్టు మినిట్సు పుస్తకంలో రాశారు. మడిగ ఖాళీ చేసే ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.