నూకరత్నం తలలో కాలువ గట్టు

నూకరత్నం తలలో, ఎడమ కంటి వెనక, నెత్తుటి కాలువ గట్టు ఒకచోట ఉబ్బిందని స్కానింగులో తేలగానే డాక్టర్లు రివాజు ప్రకారం పక్కకి తప్పుకున్నారు, కాలువల శాఖ ఆ ఉబ్బుని తన అధీనంలోకి తీసుకుంది. గండి పడితే మనిషి దక్కదు. గండ్లు చూసేది కాలువల శాఖే కాబట్టి ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. నూకరత్నం చేపల మార్కెట్లో వేలంపాట నడుపుతుంది. ఆమె గొంతెత్తితే రేవు అవతలి కాకులు లేస్తాయి.

గట్టు కొలవడానికి శాఖకో పద్ధతి ఉంది. ఏటా వేసవిలో కాలువ కట్టేసి, నీళ్లు ఇంకిపోయాక టేపు వేస్తారు. నీళ్లున్నప్పుడు కొలిస్తే టేపు తడుస్తుంది. తలకాయలో కాలువని కట్టేయడం కుదరదు గనక, మనిషి నిద్రపోయినప్పుడు కొలవొచ్చని శాఖ పెద్ద మనసుతో సడలింపు ఇచ్చింది. అలా ఒక మధ్యాహ్నం నూకరత్నం కునుకు తీస్తుండగా, అసిస్టెంట్ ఇంజనీరు ప్రసూన చిన్న దోనె వేసుకుని ఆమె చెవి పక్కనుంచి లోపలికి వెళ్లింది.

లోపల హాయిగా ఉంది. నెత్తురు గోరువెచ్చగా, మెల్లగా పారుతోంది. గట్ల మీద మసక ఎర్రటి వెలుగు పరుచుకుంది. ఎక్కడో దూరాన గుండె కొట్టుకున్నప్పుడల్లా దోనె ఉయ్యాలలా ఊగింది. పాత పాటల ముక్కలు, పోయినవాళ్ల ముఖాలు గట్టు వారగా తేలుతూ వచ్చి పలకరించి పోతున్నాయి. ప్రసూనకి పని మానేసి అక్కడే పడుకోవాలనిపించింది. ఉబ్బు చింతగింజంత కూడా లేదు. శాఖ లెక్కలో చింతగింజ దాటితేనే ప్రమాదం. ఢోకా లేదనుకుని దోనె తిప్పింది.

సరిగ్గా అప్పుడే నూకరత్నం కలలో ఎవడో మంచి పండుగొప్ప చేపని మరీ చవగ్గా అడిగాడు. ఆమె కలలోనే గొంతెత్తి వాణ్ని కడిగిపారేసింది. కాలువ ఒక్కసారి పోటెత్తింది. సన్నటి ధార ఉబ్బులోకి దూసుకెళ్లి గట్టుని ఒకేచోట కొట్టింది, అక్కణ్నుంచి చీలి రెండు సుడులైంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ సుడులు చోటు మార్చాయి. ధార తగిలినచోట గట్టు ఉల్లిపొరలా పలచబడి ఉంది. ప్రసూన దానిమీద చెయ్యి పెట్టి చూసి, నిజంగా భయపడింది.

బయటికొచ్చి పై ఇంజనీరుకి చెప్పింది.

"చూడాల్సింది ఒక్క సైజే కాదు సార్. ధార ఒకేచోట కొడుతోంది. సుడి కుదురుగా లేదు. చిన్నదైనా తెగిపోద్దండి."

ఆయన చెడ్డవాడు కాదు. శ్రద్ధగా విన్నాడు.

"నిజమేనమ్మా. కానీ సుడి అనేది నీళ్లున్నప్పుడే కదా ఉంటుంది. మనం కొలిచేది నీళ్లు లేనప్పుడు."

అయినా మనసొప్పక ఆయన మరమ్మతు మంజూరు చేశాడు. కాలువ పూర్తిగా కట్టేశాక పని మొదలుపెట్టాలని షరతు. పారుతున్న కాలువలో పని చేసిన పాపం శాఖ ఏనాడూ ఎరగదు.

ఆ కబురు చెప్పడానికి ప్రసూన వెళ్లేసరికి నూకరత్నం పొయ్యి మీద పులుసు కలుపుతోంది.

"మరి నా కాలవ ఎప్పుడు కడతారండి?"

ప్రసూన నేల చూపులు చూసింది. నూకరత్నం ఏటి ఒడ్డున పుట్టిన మనిషి, ఇట్టే అర్థం చేసుకుంది.

"ఆయ్. మా ఏటిగట్టుకీ అంతేనండి. గండి పడ్డాకే మట్టి తోలారు."

"అందాకా గొంతు పెంచకండమ్మా."

"పెంచకపోతే పాట ఎలా నడుత్తాదండి?" అంది నూకరత్నం. ఆమెకి బతకాలనుంది. ఆ సంగతి ఎవరితో చెప్పుకోవాలో తెలియక, ప్రసూనకి ఒక గిన్నెలో పులుసు పోసిచ్చి పంపింది.

పెరట్లోంచి మొగుడు ధర్మారావు కేకేశాడు.

"ఏవన్నారే ఆఫీసోళ్లు?"

"ఈ ఏసవికి చేసేత్తారంట."

అతను హమ్మయ్య అనుకుని వల బాగుచేసుకోవడానికి కూర్చున్నాడు. వాళ్లిల్లు ఏటిగట్టు కిందే. అలాంటి మాట విని నిశ్చింతగా నిద్రపోవడం ఆ వీధికి ఎప్పటినుంచో అలవాటు.