గుడ్డు కోసం వేసిన పందిరి

ఒక పెద్ద అడవిలో, చెట్లు అయిపోయి సముద్రం మొదలయ్యే చోట, పెంగ్విన్లు ఉండేవి. ఇసుకలో పొదల నీడన గుడ్లు పెట్టేవి. ఎండ తగిలిందా, గుడ్డు చెడిపోయినట్టే. ఆ పొదలని అడవి జంతువులు పడకలకని నరుక్కుపోయాయి. చివరికి ఒక్క పొద మిగిలింది. దాని కింద ముత్యమ్మ అనే పెంగ్విన్, ఆవిడ ఒక్క గుడ్డు.

అడవికి జాలి ఆలస్యంగా వేసినా గట్టిగానే వేసింది. తీర రక్షణ సంఘం పెట్టారు. ఏనుగు అధ్యక్షుడు, నక్క కార్యదర్శి. మొక్కలు నాటడానికి కోతులు స్వచ్ఛందంగా వచ్చాయి. అందరికీ ఒకే రంగు టోపీలు, తలా ఒక మొక్క.

"నాటేద్దామా?" అంది ఒక కోతి.

"ప్రారంభోత్సవం కాకుండానే?" నక్క నొచ్చుకుంది. "అధ్యక్షుల వారికి ఎండ పడదు. ముందు పందిరి వెయ్యండి."

పందిరికి కొమ్మలు కావాలి. కనుచూపు మేరలో ఉన్నది ఒకే పొద.

"కార్యదర్శి గారూ, మరి నా గుడ్డు?" అంది ముత్యమ్మ.

"ఈ సభంతా దాని కోసమే కదమ్మా," అంది నక్క ఆప్యాయంగా.

పొద కాస్తా పందిరయింది. ముత్యమ్మ తన నీడ గుడ్డు మీద పడేలా నిలబడింది. పాపం, ఆవిడ నీడ ఎంతని? ఎండెక్కుతున్నా అధ్యక్షుల వారి జాడ లేదు. ఆవిడకి భయం పట్టుకుంది. గుడ్డుని ముక్కుతో మెల్లగా దొర్లించుకుంటూ పందిరి కిందికి వచ్చి, అన్నిటికంటే చల్లని చోటు చూసుకుంది. అది అధ్యక్షుల వారి కుర్చీ కింద.

ఏనుగు వస్తూనే మైకు అందుకుని సంఘం తీర్మానం చదివాడు. "పెంగ్విన్ గుడ్డు దరిదాపులకి ఎవరు వెళ్లినా సంఘంలోంచి తీసేస్తాం. నేనైనా సరే."

'నేనైనా సరే' అన్నదానికి చప్పట్లు ఎక్కువ పడ్డాయి. ఆయన సంతోషంగా కుర్చీ వైపు తిరిగాడు.

కుర్చీ కింద నుంచి ముత్యమ్మ తల బయటపెట్టింది. "కాస్త చూసి కూర్చోండి, అయ్యా."

ఏనుగు ఆగిపోయాడు. "కుర్చీ జరిపిద్దామా?" అని నక్కని మెల్లగా అడిగాడు.

"జరపాలంటే దగ్గరికి వెళ్లాలి కదండీ," అంది నక్క. "తీర్మానం తమరే చదివారు."

అధ్యక్షుల వారు ఎండలోకి వచ్చి నిలబడ్డారు. ప్రసంగం పెద్దదే రాసుకొచ్చారు గానీ, మాడు కాలుతుంటే మధ్య కాగితాలు వదిలేసి చివరిది చదివి, అడవిలోకి వెళ్లిపోయారు. వెనకే నక్క.

కోతులకి ఏం తోచలేదు. సాయంత్రం దాకా ప్రసంగాలు వినడానికి సిద్ధపడి వచ్చాయి మరి. ఊరికే కూర్చోవడం ఎందుకని మొక్కలు నాటేశాయి.

పందిరి ఎండి రాలిపోయేలోపే ముత్యమ్మకి పిల్ల పుట్టింది. ఆ కబురు విని నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల ఇప్పుడు కుర్చీ ఎక్కి, మొక్కలు ఎదగడం చూస్తోందట.

నీతి: మంచి పని మొదలవ్వాలంటే దాని ప్రారంభోత్సవం చెడిపోవాలి.