హస్కీలకు వడ్డన

“ఆ క్యారియర్ వస్తే నేను రాను.”

“మంచులోకి ఖాళీ కడుపులతో వెళ్తామా? మీ నాన్నకి అసలే షుగర్.” విద్యావతి చపాతీలకు నెయ్యి రాస్తూనే ఉంది.

“అమ్మా, ఇది పిక్నిక్ కాదు, నా ట్రయల్ డే. మీరు జస్ట్ డ్రాప్ చేసి కార్లో కూర్చోండి. ప్లీజ్.”

కొండ మీద, కుక్కలు లాగే మంచుబండిలో టూరిస్టులను తిప్పే చోట చైత్రకు శనివారాల పని దొరికేలా ఉంది. యూనివర్సిటీలో పశువైద్యం చదువుతున్న పిల్లకు అంతకన్నా కావలసింది లేదు. ఈ ఒక్క రోజు సవ్యంగా గడిస్తే యజమాని గ్రెగ్ పని ఖాయం చేస్తానన్నాడు. మంచు రోడ్డు మీద కొత్త లైసెన్సు పిల్లకు కారివ్వడానికి తండ్రి శ్రీపతికి ధైర్యం చాలలేదు. అందుకని క్లైడ్ నార్త్‌లోని ఇంటి నుంచి తెల్లవారకముందే ముగ్గురూ బయలుదేరారు. డిక్కీలో క్యారియర్ కూడా బయలుదేరింది.

కొండెక్కాక చైత్ర బట్టలు మార్చుకోవడానికి షెడ్డులోకి వెళ్ళింది. బయట పొడవాటి గొలుసుకు వరసగా కట్టేసిన హస్కీ కుక్కలు గొంతు చించుకుని అరుస్తున్నాయి. విద్యావతి కారు దిగింది.

“పాపం, పేగులు మాడిపోతున్నట్టున్నాయండీ.”

“ఆకలి కాదేమో విద్యా. బండి కట్టే ముందు వాటి పద్ధతే అదేమో.”

“ఆకలేస్తే మీ పద్ధతీ అదేగా.”

శ్రీపతి డిక్కీ తెరిచి క్యారియర్ అందించాడు. విద్యావతి మొదటి కుక్కకు ఒక చపాతీ వేసింది. పక్కది ఆమె ముఖంలోకి చూసింది. పంక్తిలో ఒకరికి వడ్డించి పక్కవారిని వదిలేయడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చపాతీలు, ఉడికించిన గుడ్లు వడ్డించింది. అడిగినవాటికి మారు కూడా వేసింది.

కాసేపటికి గ్రెగ్ కుక్కలను బండికి కట్టాడు. ఇవాళ ఇంత నిశ్శబ్దంగా ఉన్నాయేమిటని ఆశ్చర్యపోయాడు. టూరిస్టులు ఎక్కారు. పదండి అనగానే కుక్కలు దారి వదిలి, బ్రేకును లెక్కచేయకుండా, బండితో సహా కార్ల వైపు దూసుకెళ్ళి శ్రీపతి డిక్కీ ముందు ఆగాయి. అతని చేతిలో ఆఖరి చపాతీ ఉంది. బండిలోని వాళ్ళు ఫొటోలు తీశారు.

గ్రెగ్‌కు అర్థమైంది. తిన్న కడుపుతో పరుగెత్తితే కుక్కకు కడుపు మెలిపడి ప్రాణమే పోవచ్చు. ఆ రోజు సవారీలన్నీ రద్దు చేసి, పరుగెత్తుకొచ్చిన చైత్రను అడిగాడు. “ఎవరు వీళ్ళు?”

చైత్ర, తల్లి ఉలెన్ టోపీని, తండ్రి చేతిలోని చపాతీని, ఫోన్లు పట్టుకున్న టూరిస్టులను చూసింది.

“నో ఐడియా” అంది.

విద్యావతి గుండె కలుక్కుమంది. అయినా ఆమెకు కూతురి పనే ముఖ్యం. “సారీ సర్. వి ఆర్ టూరిస్ట్స్” అంది తల వంచుకుని.

పెళ్ళాం ఎత్తుగడ శ్రీపతికి అందలేదు. “చైత్రా, గ్లవ్స్ కార్లోనే మర్చిపోయావ్ తల్లీ” అంటూ తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

గ్రెగ్ గ్లవ్స్ వైపు, తండ్రీకూతుళ్ళ ముక్కుల వైపు చూశాడు. రెండు ముక్కులూ ఒకటే.

“ఆవిడ తెలియక పెట్టింది. అది నేను మర్చిపోతాను” అన్నాడు మెల్లగా. “ఎవరు పెట్టారో, ఏం పెట్టారో నువ్వు వెంటనే చెప్పి ఉండాల్సింది. నోరులేని జీవాల దగ్గర అబద్ధమాడే మనిషితో నాకు పని లేదు.”

మధ్యాహ్నమంతా చైత్ర ఆ కుక్కల పక్కన మంచులో కూర్చుని వాటి పొట్టలు తడిమి చూస్తూనే ఉంది. ఏ కుక్కకూ ఏమీ కాలేదు. విద్యావతి కారులోంచి దిగలేదు.

తిరుగు ప్రయాణంలో కారు కొండ దిగింది.

“నా వల్లే పోయిందిరా నీ పని” అంది విద్యావతి.

“నీ వల్ల కాదమ్మా.” వెనక సీట్లోంచి చైత్ర గొంతు సన్నగా వినిపించింది. “నెక్స్ట్ సాటర్డే మళ్ళీ వెళ్తున్నా. పే లేదు. కుక్కల కెన్నెల్స్ కడగాలి. గ్రెగ్‌ని నేనే అడిగా. మీరిద్దరూ కూడా రావాలి. మా అమ్మా నాన్నా అని ప్రాపర్‌గా ఇంట్రొడ్యూస్ చేస్తానని చెప్పాను.”

నిజానికి ఆ కొండ మీద వాళ్ళను ఎరగనివాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు.