పొట్టి చామంతికో పాట

"మొక్కకు కావలసింది మందు కాదు, మమత!"

పూలమొక్కల సంఘం సభలో అధ్యక్షులవారు ఈ మహావాక్యం సెలవివ్వగానే చప్పట్లు మోగాయి. మోగవూ మరి! అందరి కుండీల్లో చామంతులు కర్రల ఊతంతో సోలిపోతుంటే, ఆయనవి మాత్రం జానెడెత్తున, గుబురుగా, ఒళ్ళంతా పువ్వులై కూర్చున్నాయి. పోటీలో మందులు నిషిద్ధమని తీర్మానం చేయించిందీ ఆయనే.

"రహస్యమేంటండీ?" అని పక్కింటి లాయరు పట్టుకున్నాడు.

రహస్యం స్నానాలగదిలో, షాంపూ సీసాలో ఉంది. నీళ్ళలో కలిపి పోస్తే మొక్క ఎత్తు పెరగకుండా అణిచే మందు! ఆ మాట చెప్పలేక నోటికొచ్చింది అనేశారు:

"రోజూ పొద్దున్నే వాటికి పాట పాడతాను."

మర్నాటికల్లా వీధి వీధంతా ఆయన వరండాలో దిగింది. అధ్యక్షులవారి గాత్రం సామాన్యమైనది కాదు. పెళ్ళైన కొత్తలో ఆయన కూనిరాగం తీస్తే, భార్య కుళాయి బాగుచేసేవాడికి కబురంపింది. అయినా పాడక తప్పలేదు. జనం తన్మయులై తలలూపారు. లాయరు రికార్డు కూడా చేసుకున్నాడు.

ఇంతలో సీసా ఖాళీ అయింది. చాటుగా మందుల కొట్టుకి వెళ్తే కొట్టతను పెదవి విరిచాడు.

"ఒక్క చుక్క లేదండీ. మీ వీధివాళ్ళే ఎగబడి కొన్నారు. లాయరుగారైతే రెండు డబ్బాలు! ఎవరికీ చెప్పొద్దన్నారు."

అధ్యక్షులవారు ఖాళీ సీసాతోనే ఇంటిదారి పట్టారు. అణచిపెట్టిన చామంతులేమో కసి తీర్చుకుంటున్నట్టు ఎదిగాయి, ఎదిగాయి, భుజాలందుకున్నాయి!

పోటీనాడు అందరి మొక్కలూ పొట్టివే, ఆయనవి తప్ప. మొదటి బహుమతి లాయరుది.

"అంతా గురువుగారి పాట మహిమ!" అన్నాడతను, చేతులు జోడించి.

అధ్యక్షులవారి ఒళ్ళు మండింది. భార్య చెవిలో గొణిగింది: "పాటా లేదు, పాడూ లేదని లేచి చెప్పండి!"

"మీకెలా తెలుసని ఎవరైనా అడిగితే?"

ఆయన మైకు ముందుకు వెళ్ళి, నిండు సభలో వినయంగా తల వంచారు.

"లోపం నాదే. ఈమధ్య శ్రుతి తప్పుతున్నాను."

లాయరు కరిగిపోయాడు. "బాధపడకండి. రేపణ్ణించి మా వరండాకి రండి, నేను నేర్పిస్తాను."

వెళ్ళారు. తల కూడా ఊపారు.